ప్రవేశ రుసుమును జనసమ్మర్దమును

రామంతాపూర్, ఉప్పల్, నాచారము కలిసిన తూర్పు భాగ్యనగరమున నివసించు సామాన్య కుటుంబమునకు, ఆదివారమునాడు పిల్లలను వెంటబెట్టుకొని ఎక్కడికి పోవలెనను ఆలోచన కలిగినంతనే, దానిని వెన్నంటి రెండు ప్రశ్నలు తప్పక వచ్చుచున్నవి: లోపలికి పోవుటకు ఎంత అగును, పోయిన పిమ్మట అక్కడ ఊపిరాడునంత చోటుండునా అని. ఈ రెండును వేరువేరు బాధలని తలచువారే ఎక్కువ. టికెట్టు వెల మండిపోవుచున్నదని వగచువారొక వంక, జనము క్రిక్కిరిసిపోయి పిల్లలకు ఒక్క ఆటయైనను దక్కలేదని విసుగుకొనువారొక వంక మాటలాడుచుండగా, వినోదస్థలములను నడుపువారు మొదటి బాధనే రెండవ దానికి ఔషధముగా చూపుచున్నారు. వెల పెంచినచో రద్దీ దానంతట తగ్గునను ఈ వాదము దేశదేశములందు వినవచ్చుచున్నది. అది ఎంతవరకు సత్యమో మన నగరపు అనుభవమును ముందుంచుకొని పరిశీలింపవలెనని నా సంకల్పము. వెల పెరిగినప్పుడు జనము కొంత తగ్గినను తగ్గకున్నను, ఆ జనములో ఎవరు మిగులుదురన్నది మాత్రము నిశ్చయముగా మారిపోవునని నా నమ్మకము. ఆ మార్పును గూర్చియే మనము తగినంత ఆలోచింపలేదు.

వినోదమునకు రుసుము పెట్టుట మన నగరమునకు క్రొత్త కాదు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘమువారు, స్థానిక పరిశ్రమల వస్తువులను ప్రజల కన్నుల ఎదుట నిలుపవలెనను ఉద్దేశముతో బాగ్-ఎ-ఆమ్‌లో, అనగా నేటి పబ్లిక్ గార్డెన్స్‌లో, నెలకొల్పిన ప్రదర్శనము 1946లో నాంపల్లి మైదానమునకు తరలి, నుమాయిష్ అను పేరుతో ఏటేట జనవరి మొదట ఆరంభమై ఫిబ్రవరి నడిమి వరకు నేటికిని సాగుచున్నది. 2024లో 40 రూపాయలుగా ఉండిన దాని ప్రవేశ రుసుము 2025లో 50 రూపాయలైనది. ఆ స్వల్ప మొత్తమును ద్వారమున చెల్లించి లోపలికి పోయినవాడు రాత్రి మూయువరకు అంగళ్లన్నియు కలయదిరిగి, కాశ్మీరు శాలువలను చేతితో తాకి చూచి, ఏమియు కొనకయే ఇల్లు చేరవచ్చును; జెయింట్ వీలు ఎక్కగోరిన పిల్లవాని తండ్రి, మృత్యుకూపములో మోటారుసైకిలు తిరుగుట చూడగోరిన యువకుడు అక్కడక్కడ వేరుగా చెల్లింతురు. ఎగ్జిబిషన్ సొసైటీవారు ఈ ఆదాయముతో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము వంటి విద్యాసంస్థలను పోషించుచుండుట మరియొక విశేషము. ఇచటను రద్దీ లేకపోలేదు. సంక్రాంతి సెలవులలో ఆ మైదానమున భుజము భుజము రాచుకొనక నడచుట కష్టము. 2019 జనవరి 30వ తేదీ రాత్రి అంగళ్లు దగ్ధమైనప్పుడు ప్రాణనష్టము కలుగకపోవుట మన అదృష్టమేగాని, ఇరుకు దారుల నడుమ వేలకొలది జనము ఉండుట ఎంతటి అపాయమో నాడు అందరికిని తెలిసినది. ఐనను నుమాయిష్ రద్దీకిని వినోదవనపు రద్దీకిని మౌలికమైన భేదము కలదు. నుమాయిష్‌లో జనమును చూచుట కూడ వినోదములో భాగమే. ద్వారమువద్ద పెద్ద మొత్తము చెల్లింపని కారణమున, ఒక రాట్నము వద్ద వరుస దీర్ఘముగా ఉన్నచో దానిని విడిచి మిరపకాయ బజ్జీల అంగడికి పోయినవాడు తన సొమ్ము వృథాయైనదని కుందడు.

ఊరి జాతరలకు ఆ మాత్రపు ద్వారమైనను లేదు. ఏడుపాయలలోగాని కొమురవెల్లిలోగాని తిరిగినవాడు రంగులరాట్నము ఎక్కినందుకే చెల్లించెను, ఎక్కనివాడు నిలుచుండి చూచెను. చూచుటకు వెల లేకుండుట మన పూర్వపు వినోదముల సామాన్యధర్మము.

ఆ ధర్మము మారినది గత ముప్పది ఏండ్లలో. నాచారమునకు ఈ మార్పులో చిన్న స్థానము కలదని స్మరింపవలసియున్నది. నందమూరి తారక రామారావు 1976లో అచట రామకృష్ణ సినీ స్టూడియోలను నెలకొల్పినప్పుడు, చిత్రనిర్మాణమను మాయాలోకము గోడల లోపలనే ఉండెను. చుట్టుపట్ల పిల్లలు తారలు పోవు కార్లను రోడ్డుమీద నిలిచి చూచిరేగాని, టికెట్టు కొని లోపలికి పోవు ఏర్పాటు లేదు. ఇరువది ఏండ్ల తరువాత, 1996లో, ఇంకను తూర్పునకు విజయవాడ రహదారిమీద రామోజీరావు నిర్మించిన ఫిల్మ్ సిటీ చిత్రీకరణస్థలమునే దర్శనీయస్థలముగా మార్చినది. ప్రపంచమున అతిపెద్ద చిత్రనిర్మాణ ప్రాంగణముగా గిన్నిస్ గ్రంథమునకెక్కిన ఆ ప్రదేశమునకు నేడు వచ్చు యాత్రికులలో అధికసంఖ్యాకులు చిత్రీకరణతో సంబంధము లేనివారు. 2004లో దిగువ ట్యాంక్‌బండ్ వద్ద స్నో వరల్డ్, 2007లో నెక్లెస్ రోడ్డున జలవిహార్ వచ్చినవి. కేరళమున 2000లో వీగాలాండ్ అను పేరుతో వినోదవనమును స్థాపించి, 2005లో బెంగుళూరునకు విస్తరించిన చిట్టిలపిల్లి కుటుంబమువారి వండర్‌లా, 2016 ఏప్రిల్‌లో బాహ్యవలయ రహదారి చెంత రావిర్యాలలో తన ద్వారములు తెరచినది. ఈ స్థలములలో పెద్దవాని పద్ధతి నుమాయిష్ పద్ధతికి విపర్యయము: ద్వారమువద్దనే పెద్ద మొత్తము, లోపల ఆటలన్నియు ఉచితము. రుసుము నేడు పెద్దవానికి వేయి రూపాయలు దాటినది. ఉపాధి హామీ పథకమున 2025-26 సంవత్సరమునకు తెలంగాణమునకు నిర్ణయమైన దినకూలి 307 రూపాయలని తలచుకొన్నచో, ఒక కూలివాని మూడు దినముల కష్టము కంటె ఒక్క టికెట్టు అధికమని తేలును. నలుగురున్న కుటుంబమునకు ప్రయాణపు ఖర్చు, లోపలి భోజనము కలుపుకొని ఎంత యగునో చదువరులే లెక్కించుకొనగలరు.

ఒక్క టికెట్టుతో సర్వమును అను ఈ పద్ధతి ఎట్లు పుట్టినదో తెలిసికొనిననేగాని మన సమస్య స్వరూపము బోధపడదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున 1955 జులై 17న వాల్ట్ డిస్నీ డిస్నీలాండును తెరచిన దినమున, ఆహ్వానితుల కంటె ఎంతో అధికముగా జనము దొంగ టికెట్లతో చొరబడి, త్రాగునీటికి సైతము కటకటయైన సంగతి ఆ సంస్థ చరిత్రలోనే ప్రసిద్ధము. జనసమ్మర్దము, అనగా, ఈ వ్యవస్థకు పుట్టుకతో వచ్చిన వ్యాధి. ఆ తొలినాళ్లలో అచట ప్రవేశమునకు ఒక డాలరు మాత్రమే తీసికొని, ఆటలకు వేరుగా టికెట్లు అమ్మిరి. అది మన నుమాయిష్ పద్ధతియే. 1982లో ఆ చీటీల పుస్తకములను రద్దుచేసి, ఒక్క రుసుముతో అన్ని ఆటలను ఆడనిచ్చిరి. ఈ రెండు పద్ధతులలో ఏది యజమానికి లాభకరమను ప్రశ్నను వాల్టర్ ఓయ్ అను అర్థశాస్త్రజ్ఞుడు 1971లోనే డిస్నీలాండు పేరు పెట్టి ఒక వ్యాసమున చర్చించెను. ద్వారరుసుము ఎంత ఉండవలెను, ఒక్కొక్క ఆటకు ఎంత ఉండవలెనను ఆయన విచారము నేటికిని ఆ శాస్త్రవిద్యార్థులకు పాఠ్యము. సామాన్యుని దృష్టితో చెప్పవలెనన్నచో ఒక్క రుసుము పద్ధతి ఫలితమిది: ఆట ఉచితమైనచో దానికి ఎంత జనమైన వత్తురు, రూపాయలతో ఆపని జనమును ఏదో ఒకటి ఆపవలెను, ఆపునది కాలము. ద్వారమున ఒకమారు ధనముతో చెల్లించి, లోపల ప్రతి ఆటవద్దను కాలముతో మరల చెల్లించుచున్నాము. అందుచేతనే వేయి రూపాయలు పోసినవానికి నుమాయిష్ సందర్శకునికి లేని ఆగ్రహము కలుగుచున్నది. నాలుగు ఆటలకే పొద్దుగూకినచో, ఒక్కొక్క ఆట రెండువందల ఏబది రూపాయలు పడినదని అతడు మనస్సులో లెక్క వేసికొనును. ఆ లెక్క న్యాయమైనదే.

వెల ఏల పెరుగుచున్నదను ప్రశ్నకు యజమానులను నిందించుటతో సరిపెట్టుట న్యాయము కాదు. ఎత్తైన ఆటయంత్రములలో ఎక్కువ భాగము విదేశములనుండి తెప్పింపవలసినవి. వానిని ప్రతిదినము తనిఖీ చేయు సిబ్బంది, నీటిశుద్ధి, విద్యుత్తు, రక్షకులు, ఇవన్నియు జనము వచ్చినను రాకున్నను తప్పని వ్యయములు. వర్షాకాలపు మంగళవారమునాడు వనము బోసిపోయినను జీతములు ఆగవు. నగరము విస్తరించుకొలది భూమి విలువ పెరుగుచునే యున్నది. ప్రభుత్వము చేయి కూడ ఇందులో కలదు. 2017లో వస్తుసేవల పన్ను అమలునకు వచ్చినప్పుడు వినోదవనముల ప్రవేశమును 28 శాతపు శ్రేణిలో చేర్చిరి. యాజమాన్యములు మొరపెట్టుకొనగా 2018 జనవరి 25 నుండి దానిని 18 శాతమునకు దించిరి. ఐపీఎల్ క్రికెట్టు టికెట్టుకు మాత్రము 28 శాతమే నిలిచి, 2025 సెప్టెంబరు 22 నుండి అది 40 శాతమైనది. ఉప్పల్ మైదానమున ఐపీఎల్ ఆట చూడబోవు యువకుడు మూలధర మీద ప్రతి నూరు రూపాయలకు నలుబది రూపాయలు పన్నుగా చెల్లించుచున్నాడు. పాన్ మసాలాకు తగిన శ్రేణిలో క్రీడను చేర్చుట నాకు ఎంతమాత్రమును సమ్మతము కాదు.

ఈ న్యాయమైన కారణములతోపాటు, పైకి అంతగా చెప్పుకొనని మరియొక కారణము కలదు. జనము తగ్గినను ఆదాయము పెంచుకొనవచ్చునని ఈ పరిశ్రమ గ్రహించినది. వండర్‌లా సంస్థ 2014 నుండి షేరుబజారున నమోదైనది కావున దాని లెక్కలు బహిరంగములు. 2022-23లో ఆ సంస్థ మూడు వనములకును కలిపి ముప్పదిమూడు లక్షల మంది వచ్చిరి. మరుసటి సంవత్సరము ఆ సంఖ్య కొంత తగ్గినది. ఆదాయము మాత్రము సుమారు 429 కోట్లనుండి 483 కోట్లకు పెరిగినది. తలసరి రాబడి పెంచుకొనుట వ్యాపారదృష్టితో దోషము కాదు. ఐతే జనము స్వల్పముగా తగ్గిన ఆ సంవత్సరమున దసరా సెలవుల ఆదివారము రద్దీ తగ్గినదా అని అడిగినచో, ఆ దినములలో పోయినవారెవ్వరును తగ్గినదని చెప్పరు. ఇందులోని కీలకమును నిదానముగా చూడవలెను.

సంవత్సరమంతటికిని ఒకే తీరున వెల పెంచినప్పుడు ఎవరు మానుకొందురు? సెలవుదినమున రావలెనని ఏడాదిగా పిల్లలకు మాట ఇచ్చినవాడు, దూరప్రాంతమునుండి రైలెక్కి వచ్చినవాడు, మరల సెలవు దొరుకనివాడు, వీరు రెండువందలు ఎక్కువైనను గొణుగుకొని చెల్లింతురు. ఏ పని లేని బుధవారమునాడు సరదాగా పోవుదమా అని ఊగిసలాడువాడు మానుకొనును. కనుక సమానమైన పెంపు, ఖాళీగా ఉన్న దినములను ఇంకను ఖాళీ చేయును. నిండిన దినములను నిండుగానే ఉంచును. సగటు తగ్గును, శిఖరము తగ్గదు. రద్దీ బాధ సగటులో లేదు, శిఖరమున ఉన్నది. వెల పెంచుటయే రద్దీకి మందను వాదము ఇచ్చటనే బీటలు వారుచున్నది.

దినమునుబట్టి వెల మార్చుట దీనికంటె వివేకవంతమైన మార్గము. వండర్‌లాలో పనిదినములకు ఒక ధర, శని ఆదివారములకు, పండుగ రోజులకు మరియొక ధర చాలకాలముగా ఉన్నవి. డిస్నీలాండున 2016 నుండి ఒక్కొక్క తేదీకి ఒక్కొక్క శ్రేణి ఏర్పడి, 2024 అక్టోబరునాటికి రద్దీ దినపు ఒక్కరోజు టికెట్టు 206 డాలర్లకు చేరినది. అమెరికాలోని కుమార్తెను చూడబోయిన మన తల్లిదండ్రులు ఆ వెలను రూపాయలలోనికి మార్చుకొని విస్తుపోవుచున్నారు. నాచారము, మల్లాపూర్ కర్మాగారములవారికి ఈ న్యాయము క్రొత్తది కాదు. అధికపీడన విద్యుత్తు వాడువారికి ఉదయము, సాయంకాలము ఒక ధర, రాత్రి మరియొక ధర వేయుట వారెరిగినదే. విద్యుత్తుకు చెల్లిన నీతి వినోదమునకును చెల్లునుగాని, ఒక్క భేదమును మరువరాదు. కర్మాగారము తన పనిని రాత్రికి మార్చుకొనగలదు. ఆ కర్మాగారమున పనిచేయు కార్మికుడు తన వారపు సెలవును మార్చుకొనలేడు. అతనికి దొరకు ఒక్క దినము ఆదివారమే ఐనప్పుడు, ఆదివారపు వెల పెంచుట అతని పేదరికము మీద వేసిన అదనపు భారమగుచున్నది. కోరిన దినమున సెలవు పెట్టుకొనగల ఉద్యోగికి మాత్రము బుధవారపు తగ్గింపు వరము. అందుచేత ఈ పద్ధతి ధర్మబద్ధము కావలెనన్నచో, సెలవుదినపు వెలను పెంచుటకంటె పనిదినపు వెలను గట్టిగా తగ్గించుట మీద ఆధారపడవలెను. పాఠశాలల పిల్లలను గుంపులుగా పనిదినములలో తక్కువ రుసుముతో రప్పించు ఏర్పాటు ఈ వనములలో ఇదివరకే ఉన్నది. అది ఎంతయు మెచ్చదగినది, విస్తరింపదగినది.

అసలు దోషము క్యాలెండరులో ఉన్నదని నా అభిప్రాయము. మన పాఠశాలలన్నియు ఏప్రిల్ చివరి వారము నుండి జూన్ 11 వరకు ఒక్కమారే మూతపడును. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు రాష్ట్రమంతటికిని ఒకే తేదీలు. పండుగలను మార్చుమని ఎవ్వరును కోరరుగాని, వేసవి సెలవుల ఆరంభమును జిల్లాలవారీగా వారము పది దినములు ఇటునటు జరుపుట అసాధ్యమైన పని కాదు. ఐరోపాలో జర్మనీవంటి దేశములు రాష్ట్రమునకొక వేసవి సెలవు తేదీ నిర్ణయించుకొనుటలో రహదారుల మీది రద్దీని తగ్గించుట ఒక ప్రయోజనముగా పెట్టుకొన్నవి.

ఇక త్వరిత మార్గముల విషయము. అదనపు వెల చెల్లించినవానికి వేరు వరుస కల్పించు పద్ధతి నేడు పెద్ద వినోదవనములన్నిట వ్యాపించినది. డిస్నీవారు 1999లో దీనిని ఉచితముగానే ప్రవేశపెట్టి, 2021లో వెల కట్టిరి. వండర్‌లాలో ఫాస్ట్‌ట్రాక్ అను టికెట్టు సాధారణ రుసుమునకు మించిన ధరకు లభించుచున్నది. దీని ఫలితమును తెలిసికొనుటకు చిన్న గణితము చాలును. ఒక ఆటయంత్రము మూడు నిమిషములకు 24 మందిని ఎక్కించుకొనుననుకొందము; గంటకు 480 మంది. వరుసలో 960 మంది ఉన్నచో చివరివాడు రెండు గంటలు నిలువవలెను. ఆ ఆసనములలో సగము త్వరిత టికెట్టువారికి కేటాయించి, ఆ సగము దినమంతయు నిండుచునే యున్నచో, సాధారణ వరుసకు గంటకు మిగులునవి 240 ఆసనములు. ఆ చివరివాడు నాలుగు గంటలు నిలువవలెను. యంత్రము మునుపటివలెనే తిరుగుచున్నది. ఒక్క ఆసనమైనను పెరుగలేదు. ఒకని నిరీక్షణము మరియొకని తలమీదికి మారినది, ఆ మార్పిడికి పుచ్చుకొన్న సొమ్ము మాత్రము యజమానికి చేరినది. కోపెన్‌హాగన్‌లో టెలిఫోను పిలుపుల నిరీక్షణమును గూర్చి 1909లో ఎర్లాంగ్ అను గణితజ్ఞుడు ఆరంభించిన శాస్త్రము నేటివరకు ఎంత వృద్ధిపొందినను, లేని ఆసనమును సృష్టించు సూత్రము అందులో లేదు. అన్నిటికంటె గొప్ప కీడు మరియొకటి: సాధారణ వరుస ఎంత దుర్భరముగా నుండినచో త్వరిత టికెట్టు అంత ఎక్కువగా అమ్ముడుపోవును. రద్దీని తగ్గింపవలసినవానికే రద్దీవలన లాభము కలుగునట్టి ఏర్పాటు ఎన్నటికిని రద్దీని తగ్గింపదు.

తెలుగువారికి ఈ విషయము తిరుమల వరుసలవలన చక్కగా తెలిసినది. సర్వదర్శనము ఉచితము, ప్రత్యేక ప్రవేశమునకు 300 రూపాయలు, శ్రీవాణి ట్రస్టునకు పదివేల రూపాయలు సమర్పించినవారికి విరామ సమయ దర్శనము. సన్నిధి తెరచియుండు కాలమును ఏ రుసుమును పొడిగింపలేదు కావున, పై శ్రేణికి ఇచ్చిన ప్రతి నిమిషమును క్రింది శ్రేణినుండి తీసినదే యగును. ఐనను అచట ఒక గుణము ఉన్నది. సర్వదర్శనపు ద్వారము వెల లేకయే తెరచియున్నది, వరుసలో ఉన్నవానికి అన్నము, నీరు, పిల్లలకు పాలు దొరకును. ఆటలకై వేయి రూపాయలు చెల్లించి ఎండలో నిలిచిన తల్లికి ఆ మాత్రపు గౌరవము దొరకుచున్నదా అని అడుగుటకు మనకు అధికారము కలదు.

రద్దీ కేవలము అసౌకర్యమైనచో ఇంత వ్రాయనక్కరలేదు. అది ప్రాణములమీదికి వచ్చిన సందర్భములు మన కన్నులయెదుట ఉన్నవి. 2022 సెప్టెంబరు 25న ఉప్పల్‌లో భారత, ఆస్ట్రేలియా జట్ల ఇరువది ఓవర్ల ఆట జరుగవలసియుండగా, దానికి మూడు దినముల ముందు సికింద్రాబాదు జింఖానా మైదానమున టికెట్లు అమ్ముటకు పూనుకొనిరి. వేలాది జనము ఒక్క ద్వారమున తోసికొనగా తొక్కిసలాట జరిగి, పలువురు గాయపడిరి. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్లకొరకు నిరీక్షించిన జనములో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించిరి. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. ఒకచోట అమ్మిన టికెట్టు, ఒకచోట ఉచిత టోకెను. ఒకచోట క్రీడ, ఒకచోట భక్తి. వెల ఉండుటగాని లేకుండుటగాని అపాయమునకు కారణము కాలేదు. రెండుచోటులను అనర్థము జరిగినది ఆట జరుగవలసిన చోట కాదు, దేవాలయమున కాదు, చీటీలు పంచు చోట. పరిమితమైన చీటీలు ఎన్నియో, ఎప్పుడు పంచెదరో, తమకు దక్కునో దక్కదో తెలియని జనమును ఒకే గడియకు, ఒకే గేటువద్దకు పిలుచుటయే అనర్థకారణము. చదరపు మీటరునకు ఐదారుగురు దాటినప్పుడు మనుష్యుడు తన కాళ్లమీద తాను నడచుట మాని గుంపుతో కొట్టుకొనిపోవునని, ఆ దశలో వెనుకవానికి ముందున్నవాని కేక వినబడదని జనసమ్మర్దమును పరిశీలించిన శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ స్థితికి చేరిన పిమ్మట పోలీసుల లాఠీ అపాయమును పెంచునేగాని తగ్గింపదు.

అధికమైన వెల క్రమశిక్షణను తెచ్చునను భ్రమకు 2025 డిసెంబరు 13వ తేదీ సమాధానము చెప్పినది. కాల్‌బంతి క్రీడాకారుడు మెస్సీ ఆ దినము కోల్‌కతాకు వచ్చినప్పుడు, వేలకొలది రూపాయలు పోసి సాల్ట్‌లేక్ మైదానమున కూర్చున్నవారు, ప్రముఖుల గుంపు చుట్టుముట్టుటచే ఆయనను చూడజాలక, ఆగ్రహముతో కుర్చీలు విరిచి మైదానములోనికి దూకిరి. అదే సాయంకాలము ఉప్పల్ మైదానమున ఆ కార్యక్రమమే ప్రశాంతముగా ముగిసినది. రెండుచోటులను టికెట్లు ఖరీదైనవే. భేదము నిర్వహణలో ఉన్నది. ఉప్పల్, రామంతాపూర్ వాసులు తమ వీథులలో ఆటనాటి వాహనసమ్మర్దమును ఏండ్లుగా భరించుచున్నవారు గనుక, 2017 నవంబరులో నాగోలు మార్గమున మెట్రో ఆరంభమైన పిమ్మటను, 2023లో ఉప్పల్ కూడలిలో పాదచారుల ఆకాశమార్గము తెరచిన పిమ్మటను ఆ బాధ ఎంతో కొంత ఉపశమించినదని ఒప్పుకొందురు. ఐతే ఆ మెట్రో ప్రయాణము సైతము 2025 మే నెలలో ప్రియమైనది. గరిష్ఠ రుసుము 60 రూపాయలనుండి 75కు పెంచి, ప్రజల అసంతృప్తి పిమ్మట 69కి దించిరి.

ఇంతవరకు చెప్పినది ద్వారము లోపలి సంగతి. ద్వారము వెలుపల చోటు లేకపోవుట నా దృష్టిలో అన్నిటికంటె పెద్ద కారణము. జనము కొన్ని చోటులనే ఏల క్రమ్ముచున్నది? వేరు చోటు లేక. 1963 అక్టోబరు 6న ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల 380 ఎకరముల విశాలతతో ఇప్పటికిని సామాన్యుని వినోదవనము. 2025 మార్చి 1 నుండి అచట పెద్దలకు 100, పిల్లలకు 50 రూపాయలు. అది నగరమునకు వేరొక చివర ఉన్నది. 2023 డిసెంబరు 9 నుండి మహిళలకు బస్సు ప్రయాణము ఉచితమైన తరువాత, ఎన్నడును ఇల్లు కదలని తల్లులు పిల్లలతో నగరము చూడ బయలుదేరుట ఎంతయు ఆనందింపదగిన విషయము. వారిలో ఎందరికో వేయి రూపాయల ద్వారము తెరచుకొనదు. వారు పోవలసిన చోటు తమ పేటలోనే, నడచిపోవు దూరములోనే ఉండవలెను.

ఉండెను కూడ. రామంతాపూర్ పెద్దచెరువు, చిన్నచెరువు, ఉప్పల్ నల్లచెరువు, నాచారము పెద్దచెరువు, ఈ పేర్లు చెప్పినచాలును, ఈ ప్రాంతమునకు ప్రకృతి ఎన్ని విహారస్థలములు ఇచ్చినదో తెలియును. రామంతాపూర్ పెద్దచెరువు చెత్తకుప్పగా, మురుగుగుంటగా మారి, ఆక్రమణలతో కుదించుకొనిపోయి, ఆ గొడవ ఉన్నత న్యాయస్థానము వరకు పోవలసివచ్చినది. గట్టుమీద చెట్లు నాటి, నడకదారి వేసి, పిల్లలకు రెండు ఊయలలు కట్టిననాడు ఆ చెరువుకట్ట మీద ఏ టికెట్టు లేక వేయిమంది సాయంకాలము గడపగలరు. ఇది కేవలము ఆశ కాదు. పొరుగున ఉన్న అంబర్‌పేటలో పూడిపోయి, అదృశ్యమైనదని అందరును తలచిన బతుకమ్మకుంటను హైడ్రా అను ప్రభుత్వ సంస్థవారు త్రవ్వి, నీరు నింపగా, 2025 సెప్టెంబరు 28న బతుకమ్మ పండుగకు సరిగా దానిని ప్రజలకు అప్పగించిరి. ఉప్పల్ నల్లచెరువు సైతము ఆ సంస్థవారు పునరుద్ధరణకు ఎన్నుకొన్న తొలి ఆరింటిలో ఒకటి. మూసీ ఒడ్డున ఉప్పల్ భగాయత్‌లో 2019లో వెలసిన చిన్న శిల్పారామము ఈ తూర్పు పేటల పిల్లలకు ఎంత ప్రీతిపాత్రమైనదో చూచినవారికి, ఇటువంటి చోటులు ఇంకను పదింటికి గిరాకీ కలదని వేరుగా చెప్పనక్కరలేదు.

పెద్ద వినోదవనములు ఉండరాదని నేననను. ఆకాశమున త్రిప్పి దించు యంత్రపు ఆనందమును చెరువుగట్టు ఈయజాలదు. ఆ ఆనందమునకు ఖర్చుకు తగిన వెల ఇచ్చుట న్యాయమే. ఇచ్చినవానికి ఆట దక్కుననెడు పూచీ కూడ ఉండవలెను. ఒక దినమున ఎంతమందిని లోపలికి రానిచ్చెదరో ముందుగా ప్రకటించి, ఆ సంఖ్య నిండినంతనే అమ్మకము ఆపి, ఆ దినపు ప్రధానమైన ఆటల నిరీక్షణకాలమును టికెట్టు కొనకముందే తెలియజేయుట ఈ కాలమున చేతిలోని ఫోనుతో అయ్యెడి పని. కోవిడ్ అనంతరము జపానులోని టోక్యో డిస్నీలాండువారు దినసరి ప్రవేశసంఖ్యను బుద్ధిపూర్వకముగా తగ్గించి నడుపుచున్నారు. మన లైసెన్సు నిబంధనలలో ఆటయంత్రముల భద్రత ఉన్నట్లే, జనసంఖ్యకు హద్దు, త్వరిత వరుసకు కేటాయింపగల ఆసనములకు హద్దు కూడ చేర్చుట రాష్ట్ర ప్రభుత్వము చేతిలోని పని. త్రాగునీరు, నీడ, కూర్చుండు బల్ల వరుసలో నిలిచిన ప్రతివానికి ఉచితముగా ఉండవలెను.

ఈ నిబంధనలను చేయగలవారు శాసనసభలోను, సచివాలయములోను ఉన్నారు. చెరువులను బాగుచేయగలవారు నగరపాలక సంస్థలోను, హైడ్రాలోను ఉన్నారు. రామంతాపూర్, ఉప్పల్, నాచారము కాలనీల సంక్షేమ సంఘములవారు వచ్చు వేసవి సెలవులకు ముందే ఏకమై, తమ చెరువుల హద్దులు నిర్ణయించి, మురుగు మళ్లించి, కట్టలను పిల్లలకు అప్పగింపుడని అధికారులకు అర్జీలు పెట్టవలెనని, ఆ అర్జీలను కార్యాలయములలో మరుగుపడనీయక వెంటబడి అడుగవలెనని నా ప్రార్థన.